ముప్పై ఒకటో నిమిషం

సినిమా నిడివి గంటా యాభై రెండు నిమిషాలు. ఆమెకి అది చూడడానికి నాలుగు రోజులు పట్టింది. మొదటి రోజు హీరో హీరోయిన్ వంక చూసి కళ్లు తిప్పుకోలేకపోతున్న సమయానికి కుక్కర్ మూడో కూత వేసింది. మూడో రోజు ఇద్దరూ రైల్లో అలిగి చెరో కిటికీ దగ్గర కూర్చున్నప్పుడు అత్తగారికి కంట్లో చుక్కలు వేసే వేళయింది. నాలుగో రోజు పాట సగంలో ఉండగా కుళాయి బాగుచేసే మనిషి వచ్చి తలుపు కొట్టాడు. రెండో రోజు సంగతి వేరు, దాని దగ్గరికి తర్వాత వద్దాం. ఎక్కడ ఆపిందో గుర్తుండడానికి ఆమె ఒక చిత్తుకాగితం మీద నిమిషాలు రాసుకునేది. ఆ కాగితానికే రెండోవైపు బజారు నుంచి తేవాల్సిన సరుకుల జాబితా ఉండేది.

డిస్కు పెట్టె మీద హీరో, హీరోయిన్, వెనకాల ఒక విమానం, కింద పెద్ద అక్షరాలు: "థియేటర్‌లో చూడలేకపోయారా? ఇంట్లో కాళ్లు బార్లా చాపుకుని హాయిగా చూడండి." థియేటర్‌లో రెండు వారాలు కూడా ఆడని సినిమా అది. చూడలేకపోయింది ఎవరో, ఎందుకో ఆ రాసినవాడికి తెలియదనుకోవాలి. ఇంట్లో కాళ్లు చాపుకునేవాళ్లెవరో మాత్రం బాగానే తెలుసు. ఆ కాళ్ల పక్కన టీ కప్పు తెచ్చి పెట్టేదెవరన్నది వాడి లెక్కలో లేదు.

ఆరేళ్లుగా ఆమె ఒక వారపత్రికకి ఇంట్లో చూసే సినిమాల మీద సమీక్షలు రాస్తోంది. అరపేజీ. కింద పేరుండే చోట "ఒక గృహిణి" అని ఉంటుంది. అది ఎడిటర్ ఆలోచన. పేరు వేస్తే ఎవరో రచయిత్రి పాఠాలు చెబుతోందనుకుంటారమ్మా, గృహిణి అంటే పక్కింటావిడ గోడ మీంచి చెప్పినట్టుంటుంది అన్నాడు. ఆమె సరేనంది. మొదట్లో అన్నిటికీ సరేననడమే అలవాటు. భర్త మాత్రం ఈ ఉద్యోగాన్ని ఊరంతా చాటాడు. "మా ఆవిడది అదృష్టమంటే. సినిమాలు చూడడమే పని" అని ఎవరొచ్చినా చెబుతాడు. ఆ పని చెయ్యడానికి ఆమె ముందు ఎన్ని పనులు ముగించుకోవాలో ఎవరూ అడగరు, ఆయనా చెప్పడు.

ఇక సినిమా సంగతి. హీరో ప్రయాణాల గురించి పుస్తకాలు రాస్తాడు, హీరోయిన్ గడప దాటి ఎరగదు. ఇద్దరూ కలిసి ఐదు ఊళ్లు తిరుగుతారు. ఐదు ఊళ్లలోనూ హోటల్ గది ఒకటే, కర్టెన్లు మార్చి మభ్యపెట్టారు. హీరో ప్రతి ఊళ్లోనూ దారి తప్పుతాడు, ఎవరినైనా అడుగుదామని హీరోయిన్ అంటే మూతి ముడుచుకుంటాడు, అది చూసి ఆ పిల్ల మురిసిపోతుంది. ప్రేమంటే అదేనట. పదకొండు జతల బట్టలు మార్చింది మహాతల్లి, ఒక్కటంటే ఒక్కటి ఉతకలేదు. ఈ బట్టలన్నీ ఎవరు ఉతికారు, ఎక్కడ ఆరేశారు అని ఆమె కాగితం మీద రాసుకుంది. ఇలాంటి ప్రశ్నలు ఎడిటర్ ఎప్పుడూ కొట్టేస్తాడు. అయినా రాసుకుంటుంది.

రెండో రోజు భర్తకి సెలవు. ఆమె బీన్స్ తుంచుతూ సినిమా చూస్తుంటే పేపరు చేత పట్టుకుని అటుగా వచ్చాడు. తెర మీద హీరోయిన్ రైల్వే ప్లాట్‌ఫారం మీద నిలబడి, నుదురు కొట్టుకుని, అయ్యో నా పెట్టె ఇంట్లోనే మర్చిపోయాను అంటోంది. భర్త నిలబడిపోయాడు. పకపకా నవ్వాడు. "అమ్మా, ఇలా రా, మన మాలోకాన్ని సినిమాలో పెట్టారు" అని కేకేశాడు. అత్తగారు మోకాళ్లు పట్టుకుని నెమ్మదిగా వచ్చింది. గదిలో చదువుకుంటున్న కూతురూ వచ్చింది. హీరో తన చొక్కా విప్పి ఇవ్వడం, అది హీరోయిన్‌కి కొలిచి కుట్టినట్టు సరిపోవడం ముగ్గురూ నిలబడి చూశారు.

మాలోకం అంటే ఆమే. ఆ పేరు వచ్చి తొమ్మిదేళ్లయింది. ఆ కథ ఆ ఇంట్లో చెప్పని చుట్టం లేడు, వినని స్నేహితుడు లేడు. సముద్రం ఉన్న ఊరికి ఆరు రోజులు వెళ్లారు. కూతురికి అప్పుడు మూడేళ్లు. ఆమె నాలుగు పెట్టెలు, ఒక సంచీ సర్దింది. అత్తగారి మందులు, ఫ్లాస్కు, పిల్ల పాలసీసా, చివరికి భర్త చెవుల్లో పెట్టుకునే దూది కూడా మర్చిపోలేదు. తీరా అక్కడ దిగాక చూస్తే ఆమె పెట్టె లేదు. తిరిగొచ్చాక అది వీధి గుమ్మం లోపల, చెప్పుల స్టాండు వెనక కనిపించింది. భర్త ఈ కథని ఎప్పుడూ ఒకే చోట ఆపి, విన్నవాళ్ల మొహాలు చూసి, ఒకే మాటతో ముగిస్తాడు: "గుమ్మం దాకా మోసుకొచ్చి అక్కడే వదిలేసి కారెక్కింది. పోనీలెండి, తనని తాను మర్చిపోలేదు, అంతవరకూ నయం." ఆ మాటకి అందరూ కడుపుబ్బ నవ్వుతారు. ఆమె కూడా నవ్వేది, నవ్వకపోతే ఉడుక్కుందంటారు కదా. ఆ రోజు కూడా భర్త కథంతా మళ్లీ చెప్పాడు, విన్నవాళ్లకే, సినిమా నడుస్తుండగానే. చెప్పి, నవ్వి, టీ అడిగి వెళ్లాడు.

ఆ గోలలో మాటలు వినపడలేదు. సమీక్ష రాయాలంటే వినాలి కాబట్టి ఆమె టీ ఇచ్చి వచ్చి సినిమాని వెనక్కి తిప్పింది. కాస్త ఎక్కువే తిరిగింది. ముప్పై ఒకటో నిమిషం. హీరోయిన్ ఇంటిముందు కారు ఆగి ఉంది. హీరోయిన్ ఎర్రపెట్టె ఎత్తి డిక్కీలో పెట్టి, రెండు చేతులతో మూత వేసింది. తర్వాత కారు కదిలింది. ఆ తర్వాత స్టేషన్, నుదురు కొట్టుకోవడం, మర్చిపోయాననడం.

ఆమె మళ్లీ వెనక్కి తిప్పింది. ఎర్రపెట్టే. డిక్కీలోనే. మూడోసారి ఆపి మరీ చూసింది. తీసినవాళ్లు చూసుకోలేదు, అంతే, మామూలు పొరపాటు. థియేటర్‌లో అయితే ఎవరూ పట్టుకోలేరు. బొమ్మ ముందుకి పోతుంటే దాంతోపాటు పోవాల్సిందే. ఇంట్లో అయితే ఆపవచ్చు, వెనక్కి వెళ్లి నిదానంగా చూసుకోవచ్చు. ఈ పిల్ల పెట్టె మర్చిపోలేదు, తన చేత్తో కారులో పెట్టింది, అయినా తనే మర్చిపోయాననుకుని నుదురు కొట్టుకుంటోంది అని ఆమె కాగితం మీద రాసుకుంది. రాస్తుంటే చెయ్యి ఆగిపోయింది.

తనూ పెట్టింది. ఆ సంగతి ఆమె చేతులకి తెలుసు. నాలుగు పెట్టెలూ సంచీ డిక్కీలో పెట్టాక మూత పడకపోతే మోకాలితో నొక్కింది. మోకాలికి గ్రీజు మరక అయింది. ఆ మరక బట్టలతోనే ఆరు రోజులు ఒకరోజు విడిచి ఒకరోజు ఉతుక్కుని కట్టుకుంది కాబట్టి మరక మర్చిపోయే ప్రసక్తే లేదు. మరి ఆ మోకాలితో నొక్కిన డిక్కీలో నాలుగో పెట్టె లేదని తనెలా నమ్మింది? మొదటిసారి భర్త అన్నప్పుడు, లేదండీ పెట్టాను అంది. పెడితే నడుచుకుంటూ ఇంటికి పోయిందా అన్నాడాయన. అందరూ నవ్వారు. రెండోసారి పెట్టాననుకున్నానే అంది. పదోసారికి ఏమో, పెట్టలేదేమో అనుకుంది. వందసార్లు విన్నాక తన చేతుల మీద తనకే నమ్మకం పోయింది. ఆ తర్వాత తొమ్మిదేళ్లపాటు పొయ్యి ఆపానా లేదా అని రెండుసార్లు, తాళం వేశానా లేదా అని మూడుసార్లు వెనక్కి వెళ్లి చూసుకున్న మనిషి ఆమె. ఎంత కోపం వచ్చిందంటే బీన్స్ గిన్నె పక్కకి నెట్టేసింది.

ఆ వారం సమీక్ష అరపేజీ దాటింది. సినిమా బాగాలేదని మొదటి నాలుగు వాక్యాల్లోనే చెప్పేసింది. మిగతాదంతా పెట్టె గురించే. పెట్టె పోతే ప్రేమ పుడుతుందని సినిమా వాళ్లు చెబుతున్నారు, పెట్టె పోయిన మనిషిగా నేనొక మాట చెబుతాను అని మొదలుపెట్టింది. నాలాంటిదానికి హీరో చొక్కా దొరకదు, అత్తగారి బట్టలు నడుం దగ్గర పిన్నులు పెట్టుకుని కట్టుకోవాలి. రెండు జతలు కొనుక్కుంటానంటే ఆరు రోజుల కోసం దండగ అంటారు. రెండో రోజే నెలసరి వస్తుంది. ప్యాడ్లు పెట్టెలో ఉంటాయి, పెట్టె ఇంట్లో ఉంటుంది. సముద్రానికి వెళుతున్న భర్తని ప్యాడ్లు తెమ్మంటే వచ్చేటప్పుడు తెస్తానంటాడు, సాయంత్రం వచ్చి అబ్బ, మర్చిపోయానంటాడు. ఆ మరుపు గురించి ఇంట్లో ఎవరూ కథలు చెప్పుకోరు. హోటల్ తువ్వాళ్లు చింపి వాడుకుంటూ, అరువు బట్టలకి మరక అవుతుందని మూడు రోజులు గది కదలకుండా కూర్చోవాలి. తర్వాత పిల్లకి జ్వరం. సముద్రం రెండు వీధుల అవతల ఉండగా చూడకుండానే తిరిగి రావాలి. వచ్చాక నాకు సముద్రమంటే భయమని ఇంట్లోవాళ్లు చెబుతారు. చివర ఇలా రాసింది: ముప్పై ఒకటో నిమిషం దగ్గర ఆపి చూడండి. హీరోయిన్ పెట్టె మర్చిపోలేదు. నేనూ మర్చిపోలేదు. నా చేత్తో కారులో పెట్టాను. ఎవరు దింపారో తెలియదు.

పంపించాక ఒంట్లో బరువు దిగినట్టయింది. రెండు రోజులు పొయ్యి ఆపానా అని వెనక్కి వెళ్లి చూసుకోలేదు.

మూడో రోజు భర్త ఆఫీసు నుంచి త్వరగా వచ్చాడు. బూట్లు కూడా విప్పలేదు. ఎడిటర్ ఆయనకి ఫోన్ చేశాడట. రాసింది ఆమె, ఫోన్ ఆయనకి. సార్, మేడమ్ ఈసారి కాస్త ఎక్కువ రాశారు, ఆ డిస్కు కంపెనీ వాళ్లదే మనకి వెనక అట్ట ప్రకటన, పైగా ఆడవాళ్ల సంగతులు అవీ ఉన్నాయి, వేసేయమంటారా అని అడిగాడట. ఇన్నేళ్లలో ఆమె సమీక్ష ఒక్కటి కూడా చదవని భర్త దీన్ని మాత్రం ఎడిటర్ చేత ఫోన్‌లో మొత్తం చదివించుకున్నాడు.

"సినిమా గురించి రాయమంటే ఇంటి గుట్టు రాస్తావా?" అన్నాడు. "నలుగురిలో తలెత్తుకోవద్దా నేను?"

"తొమ్మిదేళ్లు మీరు చెప్పిందీ ఇంటి సంగతే కదా" అంది ఆమె.

"అది సరదాకి."

"ఎవరి సరదాకి?"

ఆయనకి పెద్ద గొంతు ఉంది. దాన్ని కాసేపు వాడుకున్నాడు. ఎడిటర్‌కి తీసేయమని చెప్పేశానన్నాడు. సోఫాలో కూర్చున్న అత్తగారు అంతా విని, నా బట్టలిచ్చిన సంగతి రాసిందా లేదా అని కొడుకుని అడిగింది. రాశానత్తయ్యా అని ఆమే చెప్పింది. అత్తగారు తలూపి ఇంకేదో అనబోయింది, కొడుకు వంక చూసి ఊరుకుంది. ఆ ఊరుకోవడం ఆమె కంటపడింది.

ఎడిటర్‌కి ఆమే ఫోన్ చేసింది. నా రాత గురించి నన్ను కదా అడగాలి అంటే, మీ మంచికేనమ్మా, సార్ బాధపడతారేమోనని అన్నాడు. ఆ పేజీ ఎలాగో సర్దుకుంటాం, మీరు కంగారుపడకండి అని కూడా అన్నాడు.

ఎలా సర్దుకున్నారో ఆ వారం పత్రిక వస్తే తెలిసింది. ఆఫీసులో క్రికెట్ వార్తలు రాసే కుర్రాడెవరి చేతో రాయించారు. "ఇంటిల్లిపాదీ హాయిగా నవ్వుకోవచ్చు. పెట్టె మర్చిపోయే సన్నివేశం చూసి నాకైతే నవ్వాగలేదు. మన ఆడవాళ్ల మతిమరుపు మనకి తెలియంది కాదు కదా!" మూడున్నర నక్షత్రాలు. కింద "ఒక గృహిణి". ఆమె దాన్ని గిన్నెలు కడగబోతూ చదివింది, నిలబడే రెండోసారి చదివింది. గృహిణికి మీసాలున్నా ఎవరికీ పట్టదన్నమాట. ఎంతసేపూ తన నోరు నొక్కేశారనే బాధపడింది కానీ, వాళ్లు తన నోటితోనే మాట్లాడేశారు. తను మర్చిపోయానని తనే ఒప్పుకున్నట్టు అచ్చయి, ఇప్పుడు ఇంటింటికీ వెళ్లిపోయింది. ఇక దీన్ని కాదనడానికి ఆమెకి కాగితం లేదు. నోరొక్కటే ఉంది.

ఆ మధ్యాహ్నం బీరువాలోంచి ఫొటోల ఆల్బమ్ తీసింది. సముద్రం ఊరి ఫొటోల్లో తను లేదని ఎప్పుడూ తెలిసిందే. ఈసారి ఉన్నవాళ్లని చూసింది. ఇసకలో భర్త, అత్తగారు, మధ్యలో పిల్ల. ముగ్గురూ ఫొటోలో ఉంటే తీసిందెవరు? కెమెరాకి మూడుకాళ్ల స్టాండు ఉండేది. ఆ ప్రయాణం కోసమే కొన్నాడు. దానికి చెయ్యంత పొడుగు పెట్టె. ఆ పెట్టె ఆమె డిక్కీలో పెట్టలేదు. మోకాలితో నొక్కి మూసిన డిక్కీలో అది పట్టేదీ కాదు. తను వెనక సీట్లో పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుంటున్నప్పుడు భర్త, ఒక్క నిమిషం అని మళ్లీ లోపలికి పరిగెత్తాడు. అత్తగారు కారు బయట నిలబడి ఉంది. ఆ తర్వాత డిక్కీ మూత రెండోసారి పడిన చప్పుడు. ఆ చప్పుడు తొమ్మిదేళ్లుగా ఆమె చెవుల్లోనే ఉంది, అడిగినవాళ్లు లేరు.

ఆల్బమ్ మూసేసింది. భర్త తెలిసే చెప్పాడా, చెప్పీ చెప్పీ తనూ నమ్మేశాడా అన్నది ఆమెకి తేలలేదు. తేలాల్సింది ఆయన మనసు కాదని మాత్రం అనిపించింది. తన చేతుల మీద నమ్మకం నలుగురిలో పోయింది, నలుగురిలోనే తిరిగి రావాలి.

ఆదివారం సాయంత్రం భర్త మేనేజరు, ఆయన భార్య టీకి వచ్చారు. ఆమె టీ, బిస్కెట్లు తెచ్చి అందరికీ ఇచ్చి, ఎప్పటిలాగే వంటింటి ద్వారం దగ్గర నిలబడింది. మేనేజరు భార్య మంచి మనిషి, మెచ్చుకోవాలని తనే కదిపింది. మీ సమీక్ష చదివాకే డిస్కు తెచ్చుకున్నామండీ, ఆ పెట్టె మర్చిపోయే సీనుకి మావారు ఒకటే నవ్వు అంది. భర్త ఒక్క క్షణం ఆమె వంక చూశాడు. వారం రోజులుగా ఇంట్లో మాటల్లేవు, ఆయనకి తెలుసు. కానీ ఎదురుగా మేనేజరు నవ్వడానికి సిద్ధంగా కూర్చున్నాడు. అలవాటైన నాలుక ఆగలేదు.

"అసలది మా ఇంట్లో జరిగిందేనండీ" అని మొదలుపెట్టాడు. నాలుగు పెట్టెలు, మందులు, ఫ్లాస్కు, చెవుల్లో దూది. అన్నీ వరసగా వచ్చాయి. కథ గుమ్మం దాకా వచ్చాక, అలవాటు ప్రకారం ఆగి, అందరి మొహాలూ చూశాడు.

ఆమె వచ్చి ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుంది. అతిథులున్నప్పుడు ఆమె కూర్చోవడం కూతురు కూడా ఎప్పుడూ చూసి ఉండదు. పిల్ల చేతిలో బిస్కెట్ అలాగే పట్టుకుని తల్లి మొహంలోకి చూసింది.

"ఆ సమీక్ష నేను రాయలేదండీ" అని మేనేజరు భార్యతో అంది. "నేను రాసింది వాళ్లు వెయ్యలేదు. పెట్టె నేను మర్చిపోలేదు. నా చేత్తో డిక్కీలో పెట్టి, మోకాలితో నొక్కి మూత వేశాను."

భర్త నవ్వాడు. "పెడితే నడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చిందా?"

మేనేజరు కూడా నవ్వబోయాడు.

"అదే అడుగుతున్నాను" అంది ఆమె. "మీ కెమెరా స్టాండు డిక్కీలో ఎక్కడ పట్టింది?"

మేనేజరు భార్య కప్పు కింద పెట్టింది. భర్త ఏదో గుర్తొచ్చినవాడిలా తల్లి వంక చూశాడు. అత్తగారు కొడుకు వంక చూడలేదు. ఒళ్లో ఉన్న తన చేతులకేసి చూస్తూ కూర్చుంది.

"చోటెక్కడుంది దాన్లో" అన్నాడు చివరికి, ఎవరో తిట్టినట్టు. "ఒకటి దింపి పక్కన పెట్టాను, స్టాండు సర్దాక ముందు సీట్లో పెడదామనుకున్నాను. డ్రైవరేమో తొందరపెట్టాడు."

"దింపి గుమ్మం లోపల, చెప్పుల స్టాండు వెనక పెట్టాడు" అంది అత్తగారు, తల ఎత్తకుండానే. "కారెక్కేటప్పుడు చూశాను. తీసుకొస్తాడనుకున్నాను. తర్వాత అందరూ నవ్వుతుంటే ఇంకేం చెప్పను?"

తొమ్మిదేళ్లు ఈ ఇంట్లో ఇద్దరికి తెలిసిన సంగతి తనకి మాత్రం తెలియలేదు. మేనేజరు గడియారం చూసుకుని, మరి మేం బయల్దేరతాం అన్నట్టు కదిలాడు. ఆయన భార్య కదల్లేదు. కూతురు లేచి వచ్చి తల్లి కుర్చీ చేతి మీద కూర్చుంది.

"ఇక చాల్లే, లోపలికి వెళ్లు" అన్నాడు భర్త మెల్లగా.

ఆమె కుర్చీని కాస్త ముందుకి జరుపుకుంది.

"ఆయన కథ అంతటితో అయిపోతుందండీ, ఎప్పుడూ అక్కడే ఆపుతారు" అంది మేనేజరు భార్యతో. "పెట్టె లేకుండా ఆ ఆరు రోజులు గడిపింది నేను. కూర్చోండి, అది నేను చెబుతాను."